ఐ-94 తెల్లకార్డు రోజులు

2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వై2కే హడావుడిలో అమెరికా వెళ్ళినవాళ్ళ గురించి ఎవరు మాట్లాడినా చిలుకూరు ప్రదక్షిణలతో మొదలుపెట్టి డాలర్ల లెక్కలో తేలతారు. మధ్యలో జరిగిన అసలు తతంగం మాత్రం మరుగున పడిపోతోంది. దిగినవాడు ఆ దేశం లెక్కల్లోకి ఎక్కడానికి ఎన్ని కాగితాలు, ఎన్ని క్యూలు, వంటింట్లో ఎన్ని కుస్తీలు! ఆ దేశం మనల్ని మంచిగా చూసిందా, చెడ్డగా చూసిందా అన్నది తర్వాతి మాట. ముందు దానికో వరస ఉండేది. దేశంలో ఎన్నాళ్ళుండొచ్చో చెప్పే ఐ-94 చీటీ, ఆ తర్వాత జీతానికీ పన్నులకీ కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, లైసెన్సు. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగేవి. ఈ వరస ఏ ఆఫీసూ రాసి చేతికిచ్చేది కాదు. ఆర్నెల్ల ముందు వచ్చినవాడు చెప్తే తెలిసేది.

అంతకుముందు ఆ తలుపు అంత తెరిచి లేదు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగింది 1923లో. భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదని తేల్చిందీ ఆ ఏడాదే. 1946 చట్టం ఏడాదికి వంద మందికి దారిచ్చింది. సుబ్బారావు గారు 1948లో పోయేనాటికి కూడా ఆ దేశ పౌరుడు కాలేదు. 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలు ఎత్తేశాక డాక్టర్లు, ప్రొఫెసర్లు వెళ్ళారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ దారి 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి అనే ఉద్యోగ వీసా. మొదట ఏడాదికి 65,000 వీసాలు. అవి చాలక 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000 చేశారు, 2001 నుంచి మూడేళ్ళు 1,95,000. 2004లో మళ్ళీ 65,000కి దించేశారు. మనవాళ్ళ పెద్ద గుంపు దిగింది ఈ పెరిగి తగ్గిన అయిదారేళ్ళలోనే.

హైదరాబాదులో కాన్సులేట్ 2008లో గానీ రాలేదు. అప్పటిదాకా అందరికీ మద్రాసే, జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న ఆఫీసే. ఫైల్లో ఐ-797 ఆమోదపత్రం, జీతం, పని షరతుల మీద కంపెనీ లేబర్ శాఖకి ఇచ్చిన ఎల్‌సీఏ, ఆఫర్ లెటరు, డిగ్రీ ఒరిజినల్స్ ఉండాలి. ఎక్కువమంది తడబడింది ఫోటో దగ్గర. వాళ్ళకి కావలసింది రెండంగుళాల చదరం. మన స్టూడియోవాడు అలవాటుగా మామూలు పాస్‌పోర్టు సైజే తీసిచ్చేవాడు.

ఇంకో చిక్కు పేరుతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరునీ రెండో గడిలోనే రాయించుకున్నవాళ్ళు కోకొల్లలు. వీసా అచ్చేసేటప్పుడు కాన్సులేట్‌వాళ్ళు ఆ మొత్తాన్నీ ఇంటిపేరు కింద వేసి, సొంతపేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని కొట్టేవాళ్ళు. మొదటిపేరు తెలియదు అని దానర్థం. అక్కణ్ణుంచి ఆ మూడక్షరాలూ సోషల్ సెక్యూరిటీ కార్డు మీదికి, లైసెన్సు మీదికి, జీతం చెక్కు మీదికి పాకేవి. ఆఫీసులో పాపం ఎవరో ‘ఫ్నూ గారూ’ అని పిలిచేదాకా వచ్చేది. బయల్దేరకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా రాయించుకున్నవాడికి ఈ బెడద లేదు. దిగాక దిద్దించుకోవాలంటే ఒక్కో ఆఫీసుకీ విడివిడిగా తిరగాల్సిందే.

సామాను రెండు పెట్టెలు, ఒక్కోటి 32 కిలోలు. తర్వాత దాన్ని 23కి దించారు. మూడు లీటర్ల కుక్కరు, దానికి రెండు గాస్కెట్లు, రెండు సేఫ్టీ వాల్వులు తప్పనిసరి. కుక్కరు అక్కడ ఎలాగోలా దొరికినా గాస్కెట్ దొరికేది కాదు. ఆవకాయ కారి బట్టలన్నీ ఎర్రబడడం ఇంటింటి కథే. మూత బిగించలేదని అమ్మని అనుకునేవాళ్ళు గానీ, కారణం అది కాదు. విమానం పైకెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి నేలమీది దాంట్లో ముప్పాతికకి పడిపోతుంది. సీసాలో ఇరుక్కున్న గాలి ఉబ్బి నూనెని మూత సందుల్లోంచి బయటికి తోసేస్తుంది. అందుకని సీసా వద్దు. దళసరి పాలిథిన్ కవర్లో పోసి, గాలంతా పిండేసి, మూతి కాల్చి అతికించి, దాన్ని ఇంకో కవర్లో, ఆపైన స్టీలు డబ్బాలో పెట్టాలి. పచ్చళ్ళు, పొడులు కస్టమ్స్‌లో పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. కరివేపాకు, పళ్ళు, విత్తనాలు, మాంసం దొరికితే మాత్రం చెత్తబుట్టలోకే. ఫారంలో ‘ఆహారం ఉంది’ అని టిక్కు పెడితే పెట్టె తెరిచి చూసి వదిలేసేవాళ్ళు. లేదని రాసి దొరికితే జరిమానా.

ఇక ఐ-94. విమానంలో పంచిన తెల్ల కార్డు పెద్దక్షరాలతో నింపితే, ఇమిగ్రేషన్ అధికారి కింది ముక్క చించి, ముద్ర కొట్టి, తేదీ రాసి పాస్‌పోర్టుకి పిన్ను కొట్టేవాడు. మన ఊళ్ళో రేషన్‌కి తెల్లకార్డు ఎంతో అక్కడ ఇదంత. వీసా తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపల ఎన్నాళ్ళుండొచ్చో చెప్పేది ఈ చీటీ. హెచ్-1బి మూడేళ్ళకి ఉన్నా, పాస్‌పోర్టు ఏణ్ణర్ధంలో చెల్లిపోతుందంటే అధికారి ఆ తేదీయే వేసేవాడు. చాలామంది వీసా మీది తేదీ చూసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళు. గడువు దాటిపోయిందని ఎక్స్‌టెన్షన్‌కి పంపినప్పుడో లాయరు చూసినప్పుడో బయటపడేది. తెలిసినవాళ్ళు కౌంటరు దగ్గర్నుంచి కదలకముందే తేదీ చదువుకునేవారు. తప్పు పడితే అక్కడికక్కడే దిద్దించుకోవడం తేలిక. 2013లో ఈ చీటీని విమానాశ్రయాల్లో ఎత్తేసి కంప్యూటర్లోకి మార్చేశారు.

తర్వాతి మెట్టు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు. ఎస్ఎస్-5 ఫారం, పాస్‌పోర్టు, ఐ-94 చాలు. రుసుము లేదు. చిక్కంతా తొందరపాటుతో. దిగిన మర్నాడే వెళ్తే, వచ్చినట్టు రికార్డు ఇంకా వాళ్ళ కంప్యూటర్లో ఎక్కదు. అప్పుడు దరఖాస్తు చేతితో సరిచూసే దారిలో పడి వారాలు సాగేది. పది రోజులాగి వెళ్తే రెండు వారాల్లో కార్డు పోస్టులో వచ్చేది. అందుకే ‘పది రోజులు ఆగు బాబూ’ అన్నది గెస్ట్‌హౌసుల్లో మంత్రంలా చెప్పేవారు. కార్డు రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని లామినేషన్ చేయించడం. అది చెయ్యొద్దని ఆ ఆఫీసువాళ్ళే చెప్తారు, కాగితంలోని భద్రతా గుర్తులు కనబడవని. అసలుది ఇంట్లో దాచి నంబరు కంఠస్థం చేసుకోవడమే పద్ధతి.

ఆ తొమ్మిదంకెలు వచ్చాక కూడా బ్యాంకువాళ్ళ దృష్టిలో మనిషి సున్నాయే. అప్పు లేనివాడు మంచివాడని నమ్మి పెరిగిన దేశం మనది. అక్కడ అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర లేనివాడికి ఇల్లు అద్దెకివ్వరు, కారుకి లోను ఇవ్వరు, కరెంటు కనెక్షన్‌కి కూడా డిపాజిట్ అడుగుతారు. దారి ఒకటే, సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు. మూడొందలో అయిదొందలో డాలర్లు బ్యాంకులో పెడితే అంత పరిమితికే కార్డిస్తారు. నెలకి పెట్రోలు, కూరగాయలు దాని మీద కొని, గడువుకి ముందే మొత్తం కట్టేస్తే ఆరు నెలలకి క్రెడిట్ స్కోరు పుడుతుంది. ఇక్కడ రెండు తప్పులు ఎక్కువగా జరిగేవి. డబ్బు ఉందని పరిమితి అంచుదాకా వాడేయడం ఒకటి. నెలకి నాలుగు స్టోరు కార్డులకి అప్లై చేయడం రెండోది, పది శాతం తగ్గింపు ఇస్తానందని. రెండూ స్కోరుని కిందికి లాగేవే.

ఈ గండాలు గట్టెక్కేదాకా తల దాచుకునేది, ఉద్యోగానికి రప్పించిన కన్సల్టెన్సీ కంపెనీ గెస్ట్‌హౌసులో. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఆరుగురు, ఒక్కోసారి ఎనిమిది మంది. మంచాలుండవు, కార్పెట్ మీద స్లీపింగ్ బ్యాగులు. పడకగదికి ఇద్దరే అన్నది చాలా అపార్టుమెంట్ల నియమం. అందుకని బయట చెప్పులు వరసగా విడవొద్దని పాతవాళ్ళు హెచ్చరించేవారు. గుమ్మం ముందు ఎనిమిది జతలు కనిపిస్తే లీజింగ్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేది. రెండో ఉత్తరం పోపు వల్ల. ఆ పొయ్యిల మీద ఉండే పొగగొట్టం చాలా ఇళ్ళలో పొగని బయటికి పంపదు. వడగట్టి మళ్ళీ గదిలోకే వదుల్తుంది. ఎండుమిరపకాయ మాడితే పొగ అలారం మోగడం, పక్కింటివాళ్ళు కంగారుగా తలుపు తట్టడం. కాయిల్ పొయ్యి గ్యాసులా కాదు, కట్టేసినా వేడి అంత త్వరగా దిగదు. ఆవాలు చిటపటలాడగానే గిన్నెని పక్క కాయిల్ మీదికి జరపడం నేర్చుకుంటే సగం గొడవ తగ్గేది.

వంట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మనవాళ్ళ రుచి మారింది ఇక్కడే. సోనా మసూరి ఊరూరా దొరకని రోజుల్లో సూపర్‌మార్కెట్లో దొరికే పొడుగు బియ్యమే గతి. వాటిలో ఒకదాని పేరు ‘మహాత్మా’, తయారీ మాత్రం అచ్చంగా అమెరికాదే. మామిడికాయ పప్పుకి పుల్లటి ఆకుపచ్చ ఆపిల్, గోంగూరకి బదులు రూబార్బ్ కాడలు, నవంబరులో క్రాన్‌బెర్రీ పచ్చడి. క్రాన్‌బెర్రీ పచ్చడి మొదట గతిలేక చేసిందే అయినా ఇప్పటికీ చాలా ఇళ్ళలో నిలబడిపోయింది. ఇండియా మిక్సీ 230 వోల్టులది, అక్కడ ఇచ్చేది 120. నేరుగా పెడితే మూలుగుతుంది గానీ నలగదు. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. అది కూడా మిక్సీ వాట్లకి కనీసం రెట్టింపుది, లేదంటే తిప్పిన తొలి క్షణంలో లాగే కరెంటుకి కాలిపోతుంది.

పెరుగు తోడుకోవడం పెద్ద ప్రాజెక్టు. అర గ్యాలను, అంటే 1.9 లీటర్ల చిక్కటి పాలు కాచి, వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగేంత గోరువెచ్చగా చల్లార్చాలి. రెండు చెంచాల తోడు కలపాలి. ఆ తోడుకి కొన్న డబ్బా మీద ‘లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్’ అని ఉండాలి, చక్కెర, వెనీలా ఉండకూడదు. తోడు పడ్డాక మళ్ళీ వేడిచేసిన రకాలూ ఉంటాయి, వాటితో ఏళ్ళు గడిచినా పాలు పాలలాగే ఉంటాయి. చలికాలం ఇల్లు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి గట్టు మీద పెడితే తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా దాని లోపలి బల్బు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టి తలుపు మూస్తే, ఆ బల్బు వేడే సరిపోయి ఆరేడు గంటల్లో తోడుకుంటుంది. ఇడ్లీ పిండికీ ఇదే చిట్కా, కాకపోతే రాత్రంతా ఉంచి ఇంకాసేపు ఆగాలి. ఓవెన్ తలుపు మీద ‘లోపల పెరుగుంది’ అని చీటీ అంటించాలి. లేకపోతే రూమ్మేట్ పిజ్జా కోసం ఓవెన్ వెలిగించడం, ప్లాస్టిక్ మూత కరగడం ఖాయం.

ఫోన్ కార్డుల్లోనూ మోసం ఉండేది. అయిదు డాలర్ల కార్డు మీద ఎన్నో నిమిషాలని రాసి ఉంటుంది. కాల్ కలవగానే కనెక్షన్ ఫీజు కోసేవాడు, నిమిషాల్ని మూడేసి చొప్పున లెక్కగట్టేవాడు, ఒకసారి వాడాక వారానికింత అని మెయింటెనెన్స్ తీసేవాడు. అందుకే కార్డంతా ఒకే కాల్లో అవగొట్టడం లాభం. ఇంట్లోవాళ్ళు మాత్రం ‘బిల్లవుతుంది నాన్నా, పెట్టేయ్’ అని రెండు నిమిషాలకే తొందరపెట్టేవారు.

కారు లేకపోతే చాలా ఊళ్ళలో మనిషి లేనట్టే. రాత పరీక్ష మనవాళ్ళకి నల్లేరు మీద నడక. రోడ్డు పరీక్షలో మాత్రం ఇరవై ఏళ్ళ అలవాటు అడ్డొచ్చేది. స్టాప్ గుర్తు దగ్గర నెమ్మదించి వెళ్ళిపోతే ఫెయిలే. చక్రాలు పూర్తిగా ఆగి, కారు ఒక్కసారి వెనక్కి తూగాలి. లేన్ మారేటప్పుడు అద్దంలో చూస్తే చాలదు, మెడ తిప్పి భుజం మీంచి చూడాలి, అది పరీక్షించేవాడికి కనబడాలి కూడా. ఎడమ వైపు మలుపు తిరగ్గానే చెయ్యి తెలియకుండా ఎడమ లేన్‌లోకే లాగుతుంది, ఎదురొచ్చే బండ్ల ముందుకి. ఎర్ర దీపాలు వెలిగించిన స్కూలు బస్సు కనబడితే మధ్యలో గట్టు లేని రోడ్డు మీద రెండు వైపులా ఆగాలి. ఇవన్నీ పరీక్షకి. అసలు ముఖ్యమైనది పరీక్షలో అడగరు. పోలీసు ఆపితే కారు దిగి ఆయన దగ్గరికి నడవకూడదు. మన దగ్గర అది మర్యాద, అక్కడ ప్రమాదం. కిటికీ దించి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, అడిగాకే జేబులో చెయ్యి పెట్టాలి. ఇది చెప్పని సీనియర్ సీనియరే కాదు.

హెచ్-1బి వాళ్ళ భార్యలుగా హెచ్-4 వీసా మీద వెళ్ళిన ఆడవాళ్ళకి ఈ వరసంతా తలకిందులు. ఉద్యోగం చెయ్యకూడదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. లైసెన్సు ఆఫీసులో ఆ నంబరు అడుగుతారు. అప్పుడేం చెయ్యాలి? సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకే వెళ్ళి, గంటలు క్యూలో నిలబడి, ‘ఈమెకి నంబరు ఇవ్వం’ అని వాళ్ళచేత రాయించుకోవాలి. ఆ కాదన్న ఉత్తరం తీసుకెళ్తే లైసెన్సువాళ్ళు సరేనంటారు. ఉత్తరం పాతబడితే మళ్ళీ కొత్తది. అక్కడా ఇంకో మెలిక, చిరునామా రుజువు. లీజు, కరెంటు, ఫోను అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. ముందుచూపున్నవాళ్ళు లీజులో ఇద్దరి పేర్లూ రాయించి, ఫోను బిల్లు ఆవిడ పేరున పెట్టించేవారు. పన్నులు కలిపి దాఖలు చెయ్యడానికి డబ్ల్యూ-7 ఫారంతో ఐటిన్ అనే వేరే నంబరు వచ్చేది, తొమ్మిదితో మొదలయ్యేది. ఇక్కడ ఎమ్మెస్సీలు, ఎంటెక్‌లు చదివి, లెక్చరర్లుగా పనిచేసినవాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి ఈ లెక్కలేని లెక్కలో ఉండిపోయారు. 2015 మే 26 నుంచి గానీ, గ్రీన్‌కార్డు కోసం భర్త కంపెనీ వేసిన ఐ-140 ఆమోదమైనవాళ్ళకి పనిచేసే అనుమతి రాలేదు. నా దృష్టిలో ఆ రోజుల్లో జరిగిన పెద్ద అన్యాయం ఇదే. దాని గురించి మనమూ తక్కువే మాట్లాడాం. వాళ్ళని నిజంగా చేరదీసింది పబ్లిక్ లైబ్రరీలు. చిరునామా రుజువుంటే కార్డు ఉచితం, పిల్లలకి కథల గంట, పెద్దలకి ఇంగ్లీషు మాట్లాడే తరగతులు, రెజ్యూమే దిద్దిపెట్టే వాలంటీర్లు. చాలామందికి మొదటి అమెరికన్ స్నేహితురాలు దొరికింది అక్కడే.

గుళ్ళది ఇంకో కథ. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతి గుడి 1970ల మధ్యలోనే మొదలయ్యాయి, ముందు తరం డాక్టర్లు, ఇంజనీర్ల పుణ్యాన. తొలి తానా సభలు 1977లో న్యూయార్క్‌లో జరిగాయి. కొత్తగా వచ్చినవాళ్ళు న్యూజెర్సీ నుంచి ఆరు గంటలు కారులో పిట్స్‌బర్గ్ వెళ్ళేది దర్శనానికెంతో పులిహోరకీ అంతే. గుడి నోటీసు బోర్డు మీద రూమ్మేట్ కావాలి, కారు అమ్ముతాం, బేబీ సిట్టింగ్ చేస్తాం అనే చీటీలు. అప్పటికి అదే ఉద్యోగాల బజారు కూడా.

అక్కడివాళ్ళు మనల్ని ఎలా చూశారంటే, ఊరిని బట్టి, కాలాన్ని బట్టి. 1987లో జెర్సీ సిటీలో ‘డాట్‌బస్టర్స్’ అనే ముఠా బొట్టు పెట్టుకున్నవాళ్ళని వెంటాడి కొట్టింది. 2001 సెప్టెంబరు 11 తర్వాత కొన్ని వారాలు మనవాళ్ళు కూడా గడ్డాలు తీసేసి, కారు వెనక చిన్న అమెరికా జెండా అంటించుకు తిరిగారు. మరోపక్క, మంచు పడ్డ రోజున అడక్కుండానే వాకిలి ఊడ్చిపెట్టిన పక్కింటి ముసలాయన లేని ఊరూ లేదు. ఎక్కువ దెబ్బ కొట్టింది మాత్రం మనుషులు కాదు, డాట్‌కామ్ కుప్పకూలడం. ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017లో వచ్చింది. అప్పట్లో ఉద్యోగం పోయిన రోజే హోదా పోయినట్టు. వెంటనే వేరే కంపెనీకి బదిలీ దరఖాస్తు వేయాలి, లేదా సందర్శకుడి హోదాకో, భార్యకి ఉద్యోగముంటే హెచ్-4కో మార్చమని అడగాలి. ‘బెంచ్ మీద జీతం లేదు’ అని చెప్పిన కన్సల్టెన్సీలు బోలెడు. 1998 చట్టం ప్రకారం పని లేకపోయినా జీతం ఇవ్వాల్సిందే. కానీ ఫిర్యాదు చేస్తే వీసా ఏమవుతుందో అన్న భయంతో నోరెత్తినవాళ్ళు తక్కువ.

నిలదొక్కుకున్నవాళ్ళకి గ్రీన్‌కార్డు. ఆ పనికి అమెరికన్ దొరకలేదని తేల్చే లేబర్ సర్టిఫికేషన్, కంపెనీ వేసే ఐ-140, కార్డు కోసం మనిషి వేసే ఐ-485 అని మూడు మెట్లు. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితి వల్ల మూడోది ఎక్కడమే కష్టం. అక్కడ మనవాళ్ళని కుదిపేసింది పుట్టినతేదీ పత్రం. పల్లెల్లో ఇంట్లో పుట్టినవాళ్ళ జననం ఎక్కడా నమోదై ఉండదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది బళ్ళో మాస్టారు వేసిన తేదీ. పరిష్కారం ఇలా ఉండేది: ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి ‘నమోదు లేదు’ అనే పత్రం, దాంతోపాటు ఆ పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళు ఇద్దరివి నోటరీ అఫిడవిట్లు. సాక్షి చిన్నవాడైతే చెల్లదు. అఫిడవిట్‌లో ఊరి పేరు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వస్తే ప్రశ్నల ఉత్తరం వచ్చి నెలలు పోయేవి. వైద్య పరీక్షలో క్షయ సూది వేస్తే, చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనవాళ్ళలో చాలామందికి చెయ్యి ఎర్రగా పొంగేది. భయపడక్కర్లేదు, ఛాతీ ఎక్స్‌రే తీసి బాగుందని రాసేవారు.

2007 జులై సంగతి తెలిసిందే. ఐ-485 వేసుకోవడానికి ఉద్యోగాల కేటగిరీలు దాదాపు అన్నీ తెరిచామని జూన్‌లో ప్రకటించి, అందరూ పెళ్ళాంపిల్లల్ని ఇండియా నుంచి హుటాహుటిన రప్పించి, మెడికల్స్ చేయించి, ఫైళ్ళు పంపాక, జులై 2న ‘తీసుకోం’ అన్నారు. గాంధీగిరి ఊపులో ఉన్న మనవాళ్ళు తిట్టకుండా ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టరుకి వందల పూలగుత్తులు పంపారు. వాళ్ళు వాటిని సైనికుల ఆసుపత్రికి మళ్ళించారు. జులై 17న మాట మార్చుకుని ఆగస్టు 17 దాకా తీసుకుంటామన్నారు. ఆ నెలలో ఫైల్ వేయగలిగినవాళ్ళకి పని అనుమతి, ప్రయాణ పత్రం చేతికొచ్చాయి. కార్డు కోసం మాత్రం ఏళ్ళు ఆగినవాళ్ళూ ఉన్నారు.

కార్డొచ్చిన అయిదేళ్ళకి పౌరసత్వం. 2025లో పరీక్ష మార్చేదాకా వంద ప్రశ్నల్లోంచి పది అడిగితే ఆరు చెప్పాల్సి ఉండేది. ప్రమాణం చేశాక భారత పాస్‌పోర్టు అప్పగించి, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఆ పథకాన్ని మొదలుపెట్టింది హైదరాబాదులోనే, 2006 జనవరి ప్రవాసీ దివస్‌లో. ఓసీఐతో ఫ్లాటు కొనుక్కోవచ్చు, పొలం కొనకూడదు. ఈ సంగతి ఊళ్ళో ఎకరం బేరం కుదిరాక, రిజిస్ట్రేషన్ ముందురోజు తెలుసుకున్నవాళ్ళు తక్కువేం కాదు. తాతల పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే మాత్రం ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి.